లేజర్‌తో సైటు తీయించుకోవాలనుకుంటున్న కాజీపేట తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నీకు 23 ఏళ్లు. కుడి కంటికి మైనస్ 4.25, ఎడమ కంటికి మైనస్ 4.75, రెండింటికీ కొద్దిగా సిలిండర్, అంటే నిలువుకూ అడ్డానికీ పవర్ తేడా, ఉంది. ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తూ, రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకు చదువుతున్నావు. లేజర్ చేయించుకుందామంటే అమ్మ "కన్ను కాలుస్తారట బిడ్డా" అని భయపడుతోంది. నొప్పి ఉంటుందా, ఎన్ని రోజులకు దుకాణానికి పోవచ్చు, మిర్చి దుమ్ముతో ఇబ్బందా అని అడిగావు.

నేను హనుమకొండలో పద్నాలుగేళ్లుగా ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తున్నాను. ఆపరేషన్ చేసేది డాక్టర్లే. దానికి ముందు పరీక్షలు చేయడం, తర్వాత చెకప్‌లు చూడడం నా పని. నేను కూడా 2012లో లేసిక్ అనే లేజర్ ఆపరేషన్ చేయించుకున్నాను, అప్పుడు నాకు మైనస్ 5 ఉండేది. కాబట్టి ఆ బల్ల మీద పడుకున్నప్పటి టెన్షన్ కూడా నాకు తెలుసు.

ముందు రైల్వే సంగతి చూద్దాం, ఎందుకంటే లేజర్ ఒకసారి పడ్డాక వెనక్కి తీసుకోలేం. అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు ఏ-1 మెడికల్ కావాలి. అద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 కనిపించాలి, రంగుల పరీక్ష, రాత్రి చూపు పరీక్ష కూడా పాస్ కావాలి. లేసిక్ గానీ, సైటు తీసేసే వేరే ఆపరేషన్ గానీ చేయించుకున్నవాళ్లు ఈ పోస్టుకు అర్హులు కారని నోటిఫికేషన్‌లోనే రాస్తారు. "మనం చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది" అని కోచింగ్ దోస్తులు అంటారు. కార్నియాకు, అంటే నల్లగుడ్డు మీది పొరకు, స్కాన్ తీస్తే తెలిసిపోతుంది. ఆ పొర మధ్యభాగం చదునై, రంగుల మ్యాపులో నీలంగా కనబడుతుంది. ఇంజన్ కూత వింటూ పెరిగిన కాజీపేట పిల్లలకు ఆ ఉద్యోగం అంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు, అందుకే ఈ మాట చెప్పడం కష్టంగా ఉంది. నీ పవర్‌తో ఆపరేషన్ చేయించుకోకపోయినా ఆ మెడికల్ పాస్ కావు, చేయించుకున్నా కావు. అద్దాలతో తీసుకునే పోస్టులు రైల్వేలోనే ఉన్నాయి, క్లర్కు పోస్టులకు సీ-2 మెడికల్ చాలు. పోలీసు, కేంద్ర బలగాల పోస్టులకు దేని రూల్ దానిది. ఏ నోటిఫికేషన్‌కు అప్లై చేస్తావో దానిలో మెడికల్ పేజీ చదివి, ఆ తర్వాతే ఆపరేషన్ తేదీ పెట్టుకో.

ఇక అసలు విషయం. అందరూ ఆపరేషన్ గురించే అడుగుతారు. నన్నడిగితే దానికి ముందు జరిగే పరీక్షలకే ఎక్కువ భయపడాలి, ఎక్కువ టైమ్ ఇవ్వాలి. లేజర్ పడేది నిమిషం లోపే. నీ కన్ను దానికి పనికొస్తుందా లేదా అన్నది పరీక్షల్లోనే తేలుతుంది.

కార్నియా అంటే నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొర. మధ్యలో దాని మందం సగటున 540 మైక్రాన్లు, అంటే సుమారు అర మిల్లీమీటరు. మైనస్ సైటు తీయడమంటే ఆ పొర మధ్యభాగాన్ని కొద్దిగా చెక్కి చదును చేయడం. ఒక్కో పవర్‌కు సుమారు 12 నుంచి 16 మైక్రాన్లు పోతుంది. నీ ఎడమ కన్ను లెక్క వేద్దాం. 4.75కి 14 చొప్పున 66 మైక్రాన్లు అనుకో. లేసిక్‌లో పైకి లేపే మూత లాంటి పొర, ఫ్లాప్ అంటాం, అది ఒక 110. 540లోంచి ఈ రెండూ తీసేస్తే 364 మిగులుతుంది. కింద కనీసం 250 మిగలాలన్నది పాత నియమం, ఇప్పుడు చాలామంది డాక్టర్లు 300 ఉండాలంటారు. నీ మందం 540 ఉంటే ఇబ్బంది లేదు. అదే 470 ఉంటే లెక్క మారిపోతుంది. అందుకే పవర్ ఎంతో చెప్పి "నాకు అవుతుందా" అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు.

మందం సరిపోయినా ఆకారం బాగుండాలి. కెరటోకోనస్ అనే జబ్బులో కార్నియా పలచబడి కోన్‌లా ముందుకు పొడుచుకొస్తుంది. మొదట్లో ఏమీ తెలియదు, సిలిండర్ పవర్ మాత్రం పెరుగుతూ పోతుంది. అలాంటి కంటికి లేజర్ పెడితే జబ్బు పరుగందుకుంటుంది. పెంటాకామ్ లాంటి స్కాన్‌లో కార్నియా ముందు వైపు, వెనక వైపు రెండూ చూసి దీన్ని పట్టుకుంటారు. నా దగ్గరికి ఒక అబ్బాయి వచ్చాడు, నీ ఈడువాడే. ఇంకో చోట అరగంటలో పరీక్ష చేసి "ఫిట్" అన్నారట, డబ్బు కూడా కట్టేశాడు. మనసులో ఏదో తొలిచి రెండో మాట అడుగుదామని వచ్చాడు. స్కాన్‌లో కార్నియా కింది భాగం ఎక్కువ వంపు తిరిగి, మ్యాపులో ఎర్రగా వచ్చింది, కెరటోకోనస్ గుర్తు అది. చిన్నప్పటి నుంచి కళ్లు దురద పెడతాయా అని అడిగితే పిడికిలితో కన్ను నలుపుతూ చూపించాడు, "రోజూ ఇట్లనే రుద్దుకుంటా మేడం" అన్నాడు. లేజర్ మాట పక్కనపెట్టి, జబ్బు ముందుకు పోకుండా కార్నియాను గట్టిపరిచే చికిత్సకు, దాన్ని సి3ఆర్ అంటారు, డాక్టరు పంపించారు. ఆ రోజు అతని ముఖం చిన్నబోయింది. ఇప్పటికీ అద్దాలతోనే ఉన్నాడు, కానీ చూపు నిలిచి ఉంది. "కుదరదు" అనే డాక్టరు దొరికితే కోపం తెచ్చుకోకు.

పరీక్షకు వచ్చినప్పుడు నీ వైపు నుంచి దాచకూడనివి కొన్ని ఉన్నాయి. కాంటాక్ట్ లెన్సులు వాడితే, మెత్తవైతే రెండు వారాలు, గట్టివైతే మూడు నాలుగు వారాలు ముందే ఆపాలి. లెన్సు కార్నియాను నొక్కి దాని ఆకారాన్ని మారుస్తుంది, ఆ మారిన కంటిని కొలిస్తే పవర్ తప్పు వస్తుంది. పెళ్లి దగ్గర పడిందని ఒకమ్మాయి నిన్నటిదాకా లెన్సులు పెట్టుకొని "నెల అయింది మేడం" అంది. రెండు వారాలాగి మళ్లీ కొలిస్తే అర పవర్ తేడా వచ్చింది. మొదటి కొలతతో చేసి ఉంటే పెళ్లి తర్వాత మళ్లీ అద్దాలే. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ గోళీలు వాడుతున్నా చెప్పాలి, అవి కళ్లను బాగా ఎండగడతాయి. కీళ్ల వాతం లాంటి జబ్బులు, షుగర్, గర్భం, పాలిచ్చే తల్లి, అన్నీ చెప్పాలి. పవర్ కనీసం ఏడాదిగా మారకుండా ఉండాలి, పాత చీటీ తీసుకుపో. చీటీ లేకపోతే పాత అద్దాలైనా పట్టుకుపో, వాటి పవర్ మేం మెషిన్ మీద చూస్తాం.

చివర్లో చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి కంటి లోపల వెనక ఉండే పొర, రెటీనా, చూస్తారు. ఆ రోజు నాలుగైదు గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, వెలుతురు గుచ్చుతుంది. బండి నడపకు, ఎవరినైనా తోడు తీసుకుపో.

ఇక ఏ రకం అన్నది. లేసిక్‌లో ఫ్లాప్ లేపి, కింద లేజర్ కొట్టి, ఫ్లాప్ మళ్లీ పరుస్తారు. మర్నాటికే చూపు వస్తుంది. స్మైల్‌లో ఫ్లాప్ ఉండదు, లోపలే పలుచని బిళ్లలా కోసి రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల చిన్న గాటు నుంచి బయటికి తీస్తారు. పీఆర్‌కేలో పైచర్మం లాంటి పొరను తుడిచేసి నేరుగా పైనే లేజర్ కొడతారు, ఆ చర్మం మళ్లీ పెరిగేదాకా మూడు నుంచి ఐదు రోజులు బ్యాండేజీ లెన్సు పెడతారు. నొప్పి ఎక్కువ ఉండేది దీనిలోనే, చూపు కుదురుకోవడానికి వారాలు పడుతుంది. కానీ కార్నియా పలచగా ఉన్నవాళ్లకు, కబడ్డీ, బాక్సింగ్ ఆడేవాళ్లకు ఇదే మేలు, ఎందుకంటే ఫ్లాప్ కదిలే భయం ఉండదు. లేసిక్ ఫ్లాప్ అతుక్కుంటుంది గానీ పుట్టినప్పటి గట్టిదనం పూర్తిగా రాదు, కంటికి గట్టి దెబ్బ తగిలితే ఏళ్ల తర్వాత కూడా కదిలిన కేసులున్నాయి, అరుదుగానే అయినా. ఖరీదైనదే మంచిదనుకోకు, నీ కంటికి ఏది సరిపోతుందో అది మంచిది. ఇన్సూరెన్స్ గురించి కూడా చాలామంది అడుగుతారు. పవర్ 7.5 కంటే తక్కువైతే పాలసీలు సాధారణంగా ఇవ్వవు, కాబట్టి నీ జేబులోంచే పెట్టుకోవాలి.

అమ్మ భయం గురించి. ఆమెను కొట్టిపారేయకు, ఆమె అడిగింది మంచి ప్రశ్న. లేసిక్‌లో, పీఆర్‌కేలో కార్నియాను చెక్కే లేజర్ పేరు ఎగ్జైమర్. కంటికి కనిపించని అతినీలలోహిత కిరణం, తరంగదైర్ఘ్యం 193 నానోమీటర్లు. ఇది శరీర భాగాన్ని కాల్చకుండా కోస్తుందని 1981లో అమెరికాలోని ఐబీఎం ప్రయోగశాలలో కనిపెట్టిన ముగ్గురిలో రంగస్వామి శ్రీనివాసన్ ఒకరు, మద్రాసులో పుట్టినాయన. పండగ భోజనంలో మిగిలిన టర్కీ కోడి ముక్కను ల్యాబుకు తెచ్చి దాని మీద కిరణం పెట్టి చూశారు. కోసిన చోట పక్కన మసి లేదు, కమిలిన గుర్తు లేదు. ఆ కిరణం అణువుల మధ్య బంధాలను తెంపుతుంది, ఆ పలుచని పొర ఆవిరై పోతుంది, చుట్టుపక్కలకు వేడి పాకదు. ఆపరేషన్ టేబుల్ మీద వెంట్రుక కాలినట్టు వాసన వస్తుంది, దానికే చాలామంది బెదిరిపోతారు. ఆ ఆవిరి వాసనే అది. అమ్మకు ఈ సంగతి ముందే చెప్పు, నువ్వు కూడా గుర్తుపెట్టుకో.

ఆపరేషన్ రోజు తలస్నానం చేసి, తిని వెళ్లు. సెంటు, తలనూనె వద్దు, వాటి ఆవిర్లు లేజర్‌కు ఇబ్బంది. ముందు గుండీలుండే చొక్కా వేసుకో, రాత్రి తల మీద నుంచి టీషర్టు లాగేటప్పుడు కంటికి తగలకుండా. మత్తు ఇంజెక్షన్ ఉండదు, చుక్కలే. రెప్పలు మూతపడకుండా క్లిప్ పెడతారు, అది కొంచెం లాగినట్టుంటుంది. తర్వాత కన్ను మీద ఒక రింగు పెడతారు, అది కన్నును గట్టిగా పట్టుకుంటుంది. ఆ ఇరవై ముప్పై సెకన్లు బరువుగా నొక్కినట్టుండి చూపు మసకబారి, ఒక్కోసారి చీకటైపోతుంది. నాకు అన్నిటికంటే ఎక్కువ భయమేసింది అక్కడే. ముందే తెలిసి కూడా నా రెండు చేతులూ దుప్పటిని పిడికిట్లో పట్టేశాయి. నర్సు వచ్చి చెయ్యి పట్టుకుంది. తర్వాత ఫ్లాప్ లేపుతారు, ఎదురుగా ఉన్న లైటు నీళ్లలో పడ్డట్టు చెదిరిపోతుంది. నువ్వు ఆ వెలుగు వైపే చూస్తూ ఉండాలి. కన్ను కొద్దిగా కదిలితే మెషిన్ వెంట తిరుగుతుంది, ఎక్కువ కదిలితే దానంతటదే ఆగుతుంది. కరెంటు పోతే ఎట్లా అని మన దగ్గర అందరూ అడుగుతారు, మెషిన్‌కు యూపీఎస్ ఉంటుంది. రెండు కళ్లకూ కలిపి పదిహేను ఇరవై నిమిషాల్లో లేచి నడుచుకుంటూ వస్తావు, పొగమంచులోంచి చూస్తున్నట్టుంటుంది.

మత్తు దిగాక నాలుగు నుంచి ఆరు గంటలు ఓర్చుకోవాలి. ఉల్లిగడ్డ కోసినట్టు మంట, నీళ్లు కారడం, ఇసుక పడ్డట్టు గుచ్చుకోవడం. డాక్టరిచ్చిన గోళీ వేసుకొని, కంటి మీద కప్పే షీల్డ్ పెట్టుకొని పడుకో. నిద్ర పట్టిందంటే సగం బాధ గడిచిపోయినట్టే. హైదరాబాద్‌లో చేయించుకుంటే ఆ రాత్రి అక్కడే ఉండు, మర్నాడు ఫ్లాప్ సరిగ్గా పడుకుందో లేదో చూసే చెకప్ తప్పించకూడదు.

నేను మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చాను. మూడో రోజు తల తడవకుండా మెడ కింది నుంచి స్నానం చేస్తుంటే కిందికి చూశాను, నా కాలి వేళ్లు, గోరు మీద సగం పోయిన గోరింటాకు స్పష్టంగా కనిపించాయి. పదేళ్ల వయసు నుంచి స్నానాల గదిలో నా పాదాలు నాకు మసకే. కాసేపు అట్లనే నిలబడ్డాను.

ఇక నువ్వడిగిన దుకాణం సంగతి. గదిలో కూర్చొని కంప్యూటర్ చూసే పనైతే లేసిక్ తర్వాత మూడు నాలుగు రోజులకు పోవచ్చు. ఎనుమాముల యార్డు వేరు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా బస్తాలు విప్పి మిర్చి కుప్పలు పోస్తుంటే గేటు దగ్గరే దగ్గు, తుమ్ములు మొదలవుతాయి. ఆ ఘాటుకు చెయ్యి తెలియకుండానే కంటి మీదికి పోతుంది, ఆ చేతికీ కారమే ఉంటుంది. మొదటి వారం కన్ను రుద్దితే ఫ్లాప్ ముడుతలు పడుతుంది, మళ్లీ థియేటర్‌కు తీసుకుపోయి లేపి సరిచేయాల్సి వస్తుంది. కాబట్టి మిర్చి సీజన్లో పెట్టుకోకు. పత్తి రాక మొదలు కాకముందు, వానాకాలంలో యార్డు పలచగా ఉన్నప్పుడు నెల రోజులు యార్డు లోపలికి పోకుండా సేఠును అడుగు. తర్వాత కూడా పక్కలు మూసి ఉండే కళ్లద్దాలు పెట్టుకొని పో. హోలీ, మేడారం తేదీలు కూడా చూసుకో. జాతర దుమ్ము ఒక ఎత్తు, జంపన్నవాగులో మునగడం ఇంకో ఎత్తు. వాగు, బావి, స్విమ్మింగ్ పూల్, ఏవీ నెల రోజులు వద్దు.

చుక్కల మందులు మూడు రకాలు ఇస్తారు. యాంటీబయోటిక్, స్టెరాయిడ్, కన్నీళ్ల చుక్కలు. చేతులు కడుక్కొని, కింది రెప్పను మెల్లగా కిందికి లాగి ఒక్క చుక్క వేయి, సీసా మూతి రెప్పకు తగలనీయకు. ఒక మందుకు ఇంకో మందుకు ఐదు నిమిషాల ఎడం ఉండాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. స్టెరాయిడ్ చుక్కలు చెప్పిన లెక్కలోనే తగ్గించుకుంటూ ఆపాలి. బాగుందని సొంతంగా ఆపొద్దు, మెడికల్ షాపులో ఇంకో సీసా కొని పొడిగించొద్దు, ఎక్కువ కాలం వాడితే కంటి ప్రెషర్ పెరుగుతుంది. అమ్మమ్మలు చెప్పే చనుబాలు, ఆముదం కంట్లో వేయనీయకు. తలస్నానం వారం దాకా వద్దు. రాత్రి షీల్డ్ కూడా వారం పెట్టుకో, నిద్రలో చేతిని ఎవరూ ఆపలేరు.

నేను చేసిన తప్పు చెప్తాను. రెండో నెలలో అంతా బాగుందని కన్నీళ్ల చుక్కలు మానేశాను. ఒక తెల్లవారి లేచి కళ్లు తెరవబోతే రెప్ప కంటికి అతుక్కున్నట్టు సర్రున నొప్పి. ఫ్యాన్ కింద ముఖానికి గాలి తగిలేలా పడుకున్నాను కూడా. లేజర్‌లో కార్నియాలోని సన్నని నరాలు తెగుతాయి, అవి మళ్లీ పెరిగేదాకా కన్ను తడి తక్కువని మెదడుకు సరిగ్గా చెప్పదు. మొదటి మూడు నెలలు కళ్లు ఇలా పొడిబారడం ఎక్కువ, ఆరు నెలల నుంచి ఏడాదిలో చాలామందికి తగ్గిపోతుంది. నాకు ఏడు నెలలు పట్టింది. కొద్దిమందికి ఈ పొడిబారడం నిలిచిపోతుంది కూడా, అందుకే ముందే కన్నీటి పరీక్షలో తక్కువ వచ్చినవాళ్లను డాక్టర్లు ఆపుతారు. రాత్రి బండ్ల లైట్ల చుట్టూ వలయాలు కూడా కొన్ని నెలలు కనిపిస్తాయి. అవి తగ్గేదాకా రాత్రి బైకు మీద హైవే ఎక్కకు.

మంట రోజురోజుకూ తగ్గుతూ పోవాలి. ఒకసారి తేటగా వచ్చిన చూపు మళ్లీ మసకబారినా, ఎరుపు, నొప్పి పెరిగినా, వెలుతురు చూడలేకపోయినా, పుసి కట్టినా అదే రోజు డాక్టరు దగ్గరికి పో. ఆదివారమైనా సరే, "రేపు చూద్దాం" అనుకోకు.

ఇంకో మాట అమ్మకు కాకుండా నీకు. లేజర్ మారుస్తుంది కార్నియాను మాత్రమే. మైనస్ ఉన్నవాళ్ల కనుగుడ్డు కొంచెం పొడవుగా ఉంటుంది, రెటీనా సాగి పలచబడి ఉంటుంది, అది అట్లనే ఉండిపోతుంది. ఎప్పుడైనా కంటి ముందు మెరుపులు, ఒక్కసారిగా నల్లటి చుక్కలు, పక్కనుంచి తెర దిగినట్టు కనిపిస్తే వెంటనే రెటీనా చూపించుకో. ఏడాదికోసారి చెకప్ మానకు. నలభై దాటాక చదవడానికి అద్దాలు వస్తాయి, లేజర్ దాన్ని ఆపదు, నాకు వచ్చేశాయి. ఆపరేషన్ ముందటి రిపోర్టుల ఫైలు పారేయకు. అరవై దాటి శుక్లం ఆపరేషన్ అవసరమైతే లోపల పెట్టే లెన్సు పవర్ లెక్కకు ఆ పాత అంకెలు కావాలి, కంటి ప్రెషర్ కొలిచేవాళ్లకు కూడా ఈ సంగతి చెప్పాలి, పలచబడ్డ కార్నియా మీద ప్రెషర్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

పరీక్షలు చేయించుకున్నాక డాక్టరును మూడు అడుగు: నా కార్నియా మందం ఎంత, చెక్కాక కింద ఎంత మిగులుతుంది, స్కాన్‌లో వెనక వైపు ఎట్లా ఉంది. ఆయన చెప్పింది రాసి పంపు, అర్థం కానిదేమైనా ఉంటే విడమర్చి చెప్తాను. అమ్మను కూడా వెంట తీసుకుపో, ఆమె అడగాల్సినవి ఆమెనే అడగనీ.